ఓర్చుకోమని ఎవరికి చెప్తున్నారు?

పోయిన క్రిస్మస్ సెలవులకి ఊరెళ్తే మా సంఘంలో కుర్రాళ్లు ఇంటికొచ్చారు. "అన్నా, గురువారం సాయంత్రం యూత్ మీటింగు పెట్టాం. నువ్వో పావుగంట మాట్లాడాలి" అన్నారు. టాపిక్ కూడా వాళ్లే ఇచ్చారు: 'నిత్య జీవితంలో క్రైస్తవ సద్గుణాలు'. హైదరాబాదులో ఉద్యోగం, పత్రికల్లో నాలుగు వ్యాసాలు. అంచేత మా ఊళ్లో నాకు మాటకారినని ఓ పేరుంది. సరేనన్నాను. వెళ్లి మైకు పట్టుకుని ప్రేమ అన్నాను, దీర్ఘశాంతం అన్నాను, సాత్వికం అన్నాను, ఫోను కాస్త తక్కువ చూడండన్నాను. ఆమెన్ అన్నారు. అయ్యగారు భుజం తట్టారు.

అంతా అయ్యాక బయట టీ పోస్తున్న చోట మా పిన్ని కనబడింది. "బాగా చెప్పావు నాయనా" అంది. కాసేపాగి, "అప్పుడు కూడా బాగా చదివావు" అంది. ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, ఏదో ఒకటి జవాబు చెప్పేవాణ్ని.

'అప్పుడు' అంటే నాకు పందొమ్మిదేళ్లప్పుడు. మా బాబాయ్ పిన్నిని కొట్టేవాడు. పల్లెలో అందరికీ తెలిసిన సంగతే. ఆ ఏడాది ఎండాకాలంలో ఒకరోజు దెబ్బ చెవి మీద పడింది. ఆ చెవి ఇప్పటికీ సరిగ్గా వినబడదు. పిన్ని పిల్లని చంకనేసుకుని మా ఇంటికొచ్చేసింది. మూడోరోజు సంఘ పెద్దలు కూర్చున్నారు. చర్చి వరండాలో నలుగురు పెద్దలు కుర్చీల మీద, బాబాయ్ అరుగు మీద, పిన్ని కింద. ముందు ప్రార్థన చేశారు. తర్వాత ఒక పెద్దాయన నావైపు తిరిగి, "చదువుకున్న కుర్రాడివి, నువ్వు చదువు నాయనా. మత్తయి పద్దెనిమిది. ఇరవై ఒకటి నుంచి" అన్నాడు.

చదివాను. సహోదరుడు తప్పు చేస్తే ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడుగుతాడు. ఏడుసార్లు కాదు, డెబ్బై ఏళ్లసార్లని ప్రభువు చెప్తాడు. బైబిలు తెలిసినవాళ్లకి కొత్త సంగతి కాదు. నా గొంతు బాగుంటుంది, నిజంగానే బాగా చదివాను. "విన్నావుగా అమ్మాయ్, ప్రభువు మాట. ఓర్చుకోవాలి మరి" అన్నాడు పెద్దాయన. బాబాయ్‌ని ఎవరూ ఏమీ అడగలేదు. సాయంత్రానికల్లా పిన్ని ఆ ఇంటికి వెళ్లిపోయింది. ఇంకో మూడేళ్లు ఉంది. ఆ మూడేళ్లలో జరిగింది రాయడానికి నాకు హక్కు లేదు. చివరికి పిల్లని తీసుకుని ఒంగోలు వెళ్లి మిషను కుట్టుకుంటూ బతికింది. మొగుణ్ని వదిలేసి వచ్చిందని సంఘం ఆమెకి ప్రభువు బల్ల ఆపింది. బాబాయ్‌కి మాత్రం ఒక్క ఆదివారం కూడా ఆగలేదు.

యూత్ మీటింగు నుంచి వచ్చిన రాత్రి బైబిలు తీశాను. మత్తయి పద్దెనిమిది. ఈసారి ఇరవై ఒకటి నుంచి కాదు, పదిహేను నుంచి చదివాను. అక్కడ ఒక పద్ధతి ఉంది, మన పంచాయితీల కన్నా శుభ్రమైన పద్ధతి. నీ సహోదరుడు నీ పట్ల తప్పు చేస్తే ముందు నువ్వే వెళ్లి ఒంటరిగా ఉన్నప్పుడు అతని తప్పు చెప్పు. వినకపోతే ఒకరిద్దరు సాక్షుల్ని తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. సంఘం మాట కూడా వినకపోతే అతణ్ని బయటివాడిగా చూడు. ఇదీ వరస. దీని తర్వాతే పేతురు లేచి క్షమాపణ లెక్క అడుగుతాడు. అంటే తప్పుని తప్పని చెప్పడం, సాక్షుల్ని నిలబెట్టడం, సంఘం తీర్పు చెప్పడం అనే మూడు మెట్లు ఎక్కాక వచ్చేది క్షమ. మా పెద్దలు ఆ మూడు మెట్లూ ఎత్తేసి పిన్నిని నేరుగా నాలుగో మెట్టు మీదికి దూకమన్నారు. నేను బైబిలు పట్టుకుని దారి చూపించాను.

ఒకే పేజీ. ఆరు వచనాలు పైన. పందొమ్మిదేళ్ల నాకు పైకి చూడాలని తోచలేదు. డెబ్బై ఏళ్ల పెద్దాయనకి తోచకనా, లేక తోచేనా? ఇన్నేళ్ల తర్వాత నా కోపం ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతోంది.

నా వాదన ఇది. ఓర్పు, క్షమ, తగ్గింపు, సాత్వికం చెడ్డవి కావు. కానీ మన చర్చిల్లో వీటిని పంచే తీరు రేషన్ షాపులా లేదు, వెట్టిలా ఉంది. ఎవరి దగ్గర ఏమీ లేదో వాళ్ల నుంచే వసూలు చేస్తున్నారు. భార్యకి ఓర్పు, కోడలికి తగ్గింపు, కూలికి తృప్తి, పల్లెకి క్షమ. మరి భర్తకి? అత్తకి? ఆసామికి? ఊరికి? వాళ్ల వంతు సద్గుణాలు ఏ పేజీలో ఉన్నాయి?

ఉన్నాయి, అవీ ఆ పేజీలోనే ఉన్నాయి. పేతురుకి జవాబిచ్చాక యేసు ఒక కథ చెప్తాడు. ఒక రాజు దగ్గర ఒకడు పదివేల తలాంతులు బాకీ పడతాడు. జన్మలో తీర్చలేని మొత్తం. కాస్త ఓర్చుకోమని కాళ్ల మీద పడితే రాజు మొత్తం వదిలేస్తాడు. బయటికి రాగానే వాడు తనకి నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి పనివాడి గొంతు పట్టుకుంటాడు. దేనారమంటే ఒకరోజు కూలి, ద్రాక్షతోట పనివాళ్ల కథలో ఆ లెక్క ఉంది. వందరోజుల కూలి కోసం వాణ్ని జైల్లో వేయిస్తాడు. ఈ కథలో ఓర్పు ఎవర్ని అడుగుతున్నారో చూడండి. రెండుసార్లూ అడిగేది బాకీ ఉన్నవాడు, అడిగించుకునేది గొంతు పట్టుకోగలిగినవాడు. ఓర్పు అప్పిచ్చినవాడి ధర్మం. చెయ్యెత్తగలిగినవాడు ఎత్తకుండా ఉండటం. అందుకే బైబిల్లో దీర్ఘశాంతుడనే మాట ఎక్కువగా దేవుడి గురించి వాడారు. శిక్షించే బలం ఉండీ నిదానించేవాడని దాని అర్థం. దెబ్బ తినేవాళ్ల పేరు అది కాదు. దెబ్బ తింటూ ఊరుకోవడాన్ని దీర్ఘశాంతమంటే ఆ మాటకే అవమానం. దానికి మామూలు తెలుగులో వేరే పేరుంది: గత్యంతరం లేకపోవడం.

సాత్వికం సంగతీ అంతే. తెలుగులో ఈ మాటకి మొదట్నుంచీ ఒక వంటింటి వాసన ఉంది. సాత్వికాహారమంటే ఉల్లి వెల్లుల్లి లేని భోజనం, సాత్వికుడంటే గొంతెత్తని పెద్దమనిషి. ఆదివారం కూర వాసన వీధి చివరిదాకా వచ్చే మా పల్లెలో ఈ మాటని ప్రసంగంలో విన్నప్పుడల్లా నాకు కొంచెం నవ్వొస్తుంది. కానీ మన బైబిలు భూమ్మీద అందరికన్నా సాత్వికుడని ఎవర్ని అన్నదో గుర్తు చేసుకోండి. మోషేని. ఫరో ఎదుటికి వెళ్లి మా జనాన్ని వదలమని అడిగినవాణ్ని. కొండ దిగొచ్చి కోపంతో రాతి పలకలు పగలగొట్టినవాణ్ని. తను సాత్వికుణ్ననీ దీనమనసు గలవాణ్ననీ చెప్పుకున్న యేసు గుళ్లో రూకలు మార్చేవాళ్ల బల్లలు తిరగేశాడు. విచారణలో బంట్రోతు చెంప మీద కొడితే రెండో చెంప చూపించలేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేమిటో చెప్పు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. యోహాను పద్దెనిమిదిలో ఉంది. పిన్ని ముందు ఈ అధ్యాయం చదవమని నన్నెవరూ అడగలేదు.

ఇక్కడ నా హైదరాబాదు మిత్రులు ఆగి చప్పట్లు కొడతారని తెలుసు. కొందరు ఎప్పట్నుంచో నాతో అంటూనే ఉన్నారు. "ఇదంతా బానిస నీతిరా. నీషే ఎప్పుడో చెప్పాడు. ఓడిపోయినవాళ్లు తమ ఓటమికి పెట్టుకున్న ముద్దుపేర్లు ఇవి. వదిలెయ్." వాళ్లతో కూడా నాకు పేచీయే. మా పెద్దాయనా నీషే శిష్యులూ ఒక్క చోట కలుస్తున్నారు. ఈ గుణాలు బలహీనులవేనని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. అందుకని ఒకాయన వాటిని బలహీనుల నెత్తికెత్తుతున్నాడు, ఇంకొకాయన విసిరిపారేస్తున్నాడు. మా ప్రాంతం చరిత్ర ఇద్దరినీ ఒప్పుకోదు.

ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెలు క్రైస్తవంలోకి వచ్చిన కథ చాలామందికి ఒక అంకెగా తెలుసు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం. బియ్యం కోసం మతం మారారని తేలిగ్గా ఒక మాట అనేస్తారు. నిజానికి 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పనీ కూలీ ఇచ్చాడు. కరువు నడుస్తున్నన్నాళ్లూ మాత్రం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. దానికి పదేళ్లు ముందే, యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మం తీసుకుని పల్లె పల్లె తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. ఈ కొత్త విశ్వాసులకి క్లౌ పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు.

ఇప్పుడు వింటే ఇవి చాదస్తంగా ఉంటాయి. ఆ కాలంలో, ఆ ఊళ్లలో పెట్టి చూడండి. కోతలప్పుడు ఆసామి పిలిస్తే ఈరోజు ఆదివారం, రానని మాదిగ కూలి చెప్పడమంటే ఏంటి? చచ్చిన గొడ్డుని ఈడ్చుకెళ్లడం, ఆ మాంసం తీసుకోవడం, అమ్మవారి జాతరలో డప్పు కొట్టడం ఒక పెద్ద వెట్టి ఏర్పాటులో భాగాలు. వాటిలో ఒక్కో దారం తెంపుతుంటే ఊరు ఊరుకోలేదు. దెబ్బలు పడ్డాయి, పనులు పోయాయి, బావుల దారులు మూసుకున్నాయి. మా ముత్తాతల తరం నేర్చుకున్న మొదటి క్రైస్తవ సద్గుణం అణకువ కాదు. 'రాను' అనడం. పెద్దగా అరవకుండా, కర్ర ఎత్తకుండా, రేపు కూడా ఇదే మాట చెప్తామన్నట్టు 'రాను' అనడం. దాన్ని ఆశానిగ్రహమనండి, విశ్వాసమనండి, సాత్వికమనండి. ఆ మాటలకి అప్పుడు వెన్నెముక ఉంది. నూటయాభై ఏళ్లలో దాన్ని తీసేసి మెత్తటి పరుపు చేశాం, పడుకునేవాళ్లకి హాయిగా.

నూటయాభై ఏళ్లలో ఇంకోటి కూడా చేశాం. కులాన్ని గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలిరాలేదు. ఆదివారం పేపర్లో పెళ్లి ప్రకటనలు చూడండి: క్రిస్టియన్ కమ్మ, క్రిస్టియన్ రెడ్డి, క్రిస్టియన్ మాల, క్రిస్టియన్ మాదిగ. ప్రేమించుమని బోర్డు రాయించిన చర్చిలోనే ఏ కుటుంబానికి ఏ కుటుంబంతో వియ్యం కుదరదో అందరికీ తెలుసు. దీని మీద ప్రసంగం నేను విన్నది లేదు. సినిమాల మీద విన్నాను, జీన్స్ మీద విన్నాను.

నిజాయితీ గురించీ చాలా విన్నాను. అబద్ధమాడకూడదు, అవునంటే అవును కాదంటే కాదు. మంచిదే. కానీ మా వాళ్లలో ఎందరికో రెండు పేర్లు. చర్చి రిజిస్టర్లో ఒకటి, స్కూలు సర్టిఫికెట్లో ఇంకోటి. ఎందుకో అందరికీ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులు ఇప్పటికీ బయటే. మతం మారితే అంటరానితనం పోతుందని కాగితం నమ్ముతుంది, ఊరు మాత్రం నమ్మదు. ఆ కాగితానికీ ఊరికీ మధ్య ఇరుక్కున్న పిల్లాడితో నీ రెండు పేర్లు పాపమని చెప్పడం ఎంత సులువు! ఆ పిల్లాణ్ని అబద్ధంలోకి నెట్టిన చట్టం గురించి పులిపీఠం మీంచి మాట్లాడటం అంత సులువు కాదు. అందుకే మాట్లాడరు.

ఇంత రాసి ఇప్పుడు నా ఇంటికి రావాలి. రాకపోతే ఇదీ ఇంకో ప్రసంగమే అవుతుంది.

హైదరాబాదులో మా ఫ్లాట్లో ఇల్లు తుడిచి గిన్నెలు తోమే ఆమెకి నెలజీతం ఒకటో తారీఖున ఇవ్వాలి. నా జీతం ముప్పయ్యో తారీఖునే పడుతుంది. ఆమెకి మాత్రం మూడో తారీఖో, ఐదో తారీఖో. కావాలని కాదు, మర్చిపోయి. గుర్తు చెయ్యడానికి ఆమెకి మొహమాటం. ఆమె ఓర్చుకుంటుంది, నేను మర్చిపోతాను. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం చెప్తుంది. బిగబట్టిన కూలి మొర పెడుతోందని యాకోబు రాశాడు. ఈ రెండూ నాకు చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు. కంఠతా రావడం వేరు, ఒకటో తారీఖు పొద్దున్నే ఫోన్ తీసి డబ్బు పంపడం వేరు. సద్గుణమంటే ఈ రెండోది. చిన్నదే, ఎవరూ ఆమెన్ అనరు. అలవాటయ్యేదాకా చెయ్యాలి, అంతే.

ఇది నాకు తెలీని విద్యేం కాదు. మా నాయనమ్మ పొగాకు గ్రేడింగుకి వెళ్లేది. సాయంత్రం వచ్చి పొయ్యి మీద ఎసరు పెట్టాక, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి గోడవార చిన్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ చర్చికెళ్లేది. పల్లెలో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆ బియ్యం అక్కడికెళ్లేది. ఇంట్లో అందరికీ చాలని రోజు కూడా ఆ పిడికెడు ఆగలేదు. 'ఇది మనది కాదురా' అనేది. ఆమెని ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరి ముందూ చూపించుకోలేదు. అదే నాయనమ్మ గ్రేడింగు కాడ తూకంలో మోసం జరిగితే మేస్త్రీ మొహం మీదే అడిగేది. పిడికెడు బియ్యం వేసే చెయ్యీ, తూకం కాడ చూపుడువేలు ఎత్తే చెయ్యీ ఒకటే. బానిస నీతి అనే మిత్రులకి మా నాయనమ్మని చూపించాలని ఉంటుంది. ఓర్చుకోమనే పెద్దలకి కూడా.

ఆ రెండో చెయ్యి గురించి ఇంకొక్క మాట. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి నీళ్లు కలుస్తుంటే, అదేమిటని అడిగిన మాదిగ కుర్రాణ్ని కొట్టారు. నీళ్లకొచ్చిన ఒకామె అడ్డం వెళ్లింది. ఆమె మీదికీ చెయ్యెత్తితే చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు, 17న, ఊరి భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆ బిందె ఎత్తిన మనిషి పేరు మున్నంగి సువార్త. మంచి వార్త అని ఆ పేరుకర్థం. ఎన్ని వందల ప్రసంగాలు విన్నానో, సాత్వికం గురించి చెప్తూ ఆమె పేరు తలుచుకున్న అయ్యగారు నాకు తగల్లేదు. మోషే గురించి చెప్తారు. ఆయన మరీ దూరంవాడు కదా, ఇబ్బంది లేదు.

సద్గుణాలు నేర్పొద్దని కాదు నేననేది. నేర్పండి, కానీ మొదటి పాఠం కుర్చీ మీద కూర్చున్నవాళ్లకి చెప్పండి. తగ్గింపు మీద ప్రసంగమైతే సంఘ పెద్దల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. పరిశుద్ధ గురువారం నాడు ముందే కడుక్కొచ్చిన పన్నెండు జతల కాళ్లు కాదు, చర్చి ఊడ్చే ఆమె కాళ్లు కడగండి, మర్నాడు ఆమె జీతం పెంచండి. ఓర్పు మీద ప్రసంగమైతే భర్తలకి చెప్పండి. క్షమ మీదైతే పదిహేనో వచనం నుంచి మొదలెట్టండి. జక్కయ్య చెట్టు దిగి ఏడవలేదు. ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలని లెక్క చెప్పాడు. ఆ తర్వాతే యేసు ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. మా బాబాయ్‌ని ఎవరూ లెక్క అడగలేదు.

నన్నూ అడగలేదు. అందుకని నేనే వెళ్లాను. సంక్రాంతికి ఒంగోలు వెళ్లి పిన్ని ఇంట్లో కూర్చున్నాను. ఆమె జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. వినబడే చెవి వైపు జరిగి కూర్చుని, "ఆరోజు నేను చదవకుండా ఉండాల్సింది పిన్నీ" అన్నాను. సూది ఆపలేదు. "చదవకపోతే ఇంకొకడు చదివేవాడు" అంది. ఈస్టరుకి మళ్లీ యూత్ మీటింగు ఉందనీ, ఈసారి అందరి ముందూ పదిహేనో వచనం నుంచి చదివి ఆ రోజు జరిగింది చెప్తాననీ, నువ్వు ఒప్పుకుంటేనేననీ అన్నాను. అయ్యగారు మళ్లీ మైకు ఇవ్వకపోవచ్చని కూడా అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. దారం పళ్లతో తెంపి, "చదువు" అంది. "పదిహేను నుంచి చదువు. కానీ ఇరవైలో ఆపొద్దు. తర్వాతది కూడా చదువు. నాక్కూడా అక్కడిదాకా రావాలనే ఉంది నాయనా. నన్ను నడిచి రానివ్వలేదంతే."